మగ్గం గుంటలో జానెడు మన్ను

నొప్పి ఎక్కడని బుచ్చవ్వ ముందుగా అడిగేది కాదు. ఏ పని చేస్తావని అడిగి, ఆ పనిని తన కన్నుల ముందు చేసి చూపించమనేది. తాటిచెట్లు గీసే మల్లన్నకు నడుము పట్టినప్పుడు చెట్టు మొదటిదాకా నడిచి వెళ్ళి, అతడు మోకు వేసుకుని ఎక్కే తీరును రెప్పవాల్చక చూచి, ఇల్లు చేరిన తరువాతనే ఆముదపు గిన్నెను పొయ్యిమీద పెట్టింది.

సుల్తానాబాద్ మంగలి ఇంటికి కోడలై వచ్చిన ఆమె కాన్పులు చేయడమూ, బాలింతలకు, పసికందులకు ఒళ్ళు పట్టడమూ అత్తవద్ద నేర్చుకున్నది. పసిబిడ్డను పట్టిన మెత్తదనంతోనే పెద్దల కండరాలనూ పట్టేది. వావిలాకు వెచ్చజేసి కాపడం పెట్టేది. గోరువెచ్చని నూనెతో బొటనవేలిని జరుపుతూ పోయి, లోపల బిగిసిన ముడి తగలగానే అక్కడ వేలిని నిలిపేది. గట్టిగా నలిపేది కాదు. రోగి శ్వాస దీర్ఘమై, ముడి తనంత తానుగా సడలేదాకా ధ్యానంలో ఉన్నదానివలె నిరీక్షించేది. పిమ్మట ఆ అవయవాన్ని తానే పట్టుకుని, నొప్పి మొదలయ్యే చోటుకు ఇవతలనే ఆపుతూ, కొద్దికొద్దిగా తిప్పేది.

హైదరాబాదు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఏటి చలికాలంలో, ఆమె చేతులకు లొంగని భుజం ఒకటి ఎదురైంది. అది సాలెవాడలోని సిద్దిరాములుది.

అతడు షోలాపూర్ మరమగ్గాల వద్ద ఎనిమిదేండ్లు నిలబడి పనిచేశాడు. ఆ వానకాలంలో తండ్రి అంబదాస్ కాలం చేయగా ఇంటికి వచ్చి, తండ్రి గుంటమగ్గంలో కాళ్ళు దించి కూర్చున్నాడు. ఆ ఇంటివారు ప్రతి వసంతపంచమికి బాసర జ్ఞానసరస్వతికి తమ చేతి నేత తెల్లచీర సమర్పిస్తారు. తరాలనాటి మొక్కు అది. ఈసారి చీర కొడుకు నేయవలసినది. మూడు మూరలు నేసేసరికి కుడిభుజం బిగిసిపోయింది. పడుగు నడుమ నూలును అటూ ఇటూ మోసే నాడె కదలాలంటే పైనుంచి వేలాడే తాడును కుడిచేతితో గుంజాలి; ఆ చేయి చెవిదాకా కూడా లేవడం మానింది.

బుచ్చవ్వ అరుగుమీద కూర్చోబెట్టి పదిరోజులు పట్టింది. చేయి లేచింది. మగ్గమెక్కిన మూడోనాటికి మళ్ళీ బిగిసింది. మరల పట్టింది, మరల బిగిసింది. పంచమికి నెలరోజులే మిగిలాయి.

"పెద్దవ్వా, నీ చెయ్యి పడ్డన్ని రోజులు మంచిగుంటది. మగ్గంల కూసుంటే ఎవలో ఎనుకనుంచి గుంజి కట్టేసినట్టయితది" అన్నాడు సిద్దిరాములు.

అతని తల్లి యాదవ్వ గడపలో రాట్నం తిప్పుతూ, "మా ఇంట్ల దీపానికన్నా వీని బుజానికే ఆముదం ఎక్కువ పడుతది బుచ్చక్కా" అన్నది.

"ఈ ఏడు చీర పోకుంటే మా తాతల మొక్కు నా కాడ తెగినట్టే" అన్నాడు కొడుకు మెల్లగా.

బుచ్చవ్వ చూపు మగ్గం గదివైపు పోయింది. అతడు మగ్గంలో కూర్చునే తీరును తాను ఒక్కనాడూ చూడలేదన్న సంగతి ఆమెను ముల్లువలె బాధిస్తున్నది. మొక్కు చీరను మడితో నేస్తారు. పురుటిళ్ళలో తిరిగే మనిషి ఆ గదిలో అడుగు పెట్టకూడదు. ఆమె అడగలేదు, వారు పిలవలేదు. ఎన్నడూ తప్పని తన పద్ధతి ఈ ఒక్క ఇంట తప్పింది.

ఆ చూపును యాదవ్వ కనిపెట్టింది. రాట్నం ఆపింది.

"ఏందక్కా, ఏదో అడుగుదామనుకుంటున్నవు."

"వాడు నేస్తుంటె చూడాలె యాదవ్వా. నేను లోపటికి రావద్దాయె."

యాదవ్వ రాట్నాన్ని పక్కకు జరిపింది. లేచి, కడవనుంచి చెంబుతో నీళ్ళు ముంచి తెచ్చి బుచ్చవ్వ పాదాలమీద తానే పోసింది.

"వీడు పుట్టినప్పుడు ముందుగాల పట్టుకున్నయి నీ చేతులే. వాటిని చూసి అమ్మవారు మొఖం తిప్పుకుంటదా? రా."

బుచ్చవ్వ గోడవారగా నిలబడింది. సిద్దిరాములు గుంటలోకి కాళ్ళు దించాడు. మోకాళ్ళు పైకి లేచి, ఎదుట చీర చుట్టుకునే దూలానికి తగిలాయి. అలవాటుగా రెండు మోకాళ్ళనూ ఎడమకు మళ్ళించాడు. నడుము మెలి తిరిగింది. కుడిభుజం చెవివైపు ముడుచుకుపోయింది. ఆ వంకర భుజంతోనే తాడు గుంజాడు. రెండుసార్లు గుంజేసరికి బుచ్చవ్వ చేయెత్తి ఆపింది.

"గుంట ఎవలు తవ్వింది?"

"బాపుది పెద్దవ్వా."

"మీ బాపు నీ చంకల కాడికి వచ్చేటోడు. ఆయన కాళ్ళకు తవ్విన గుంటల నీ కాళ్ళు ఎట్ల పడుతయి కొడుకా? నేను బుజం పట్టుకోని ఏడుస్తున్న. తప్పు నాది, ముందే చూడకపోతి. జానెడు లోతు తియ్యాలె."

సిద్దిరాములు ముఖం మ్లానమైంది. తండ్రి పోయిన పదకొండోనాడు ఆ గుంట అంచున దీపం పెట్టి మొక్కినవాడు అతడు. "బాపు పాదాలు పెట్టిన జాగ. గడ్డపార ఎట్ల దింపుదు? చెయ్యి పోతె పోనీ."

"చెయ్యి పోతె చీర ఎవలు నేస్తరు బిడ్డా?" అన్నది యాదవ్వ.

అతడు గుంటలోనుంచి కాళ్ళు పైకి తీశాడు. తల్లి తొక్కుడు చెక్కల తాళ్ళు విప్పి, మడితోనే గుంటలో దిగింది. భర్త మడమలు ఆనిన చోటును చేతితో తాకి కన్నుల కద్దుకున్నది. ఆ తరువాత గడ్డపార అందుకున్నది.

గట్టిగా ఉంటుందనుకున్న నేల రెండు పోట్లకే వదులైంది. లోపల పెంకులు, బూడిద, నూలు చుట్టే పాతకాలపు విరిగిన కండెలు కలిసిన మన్ను. జానెడు తీసేసరికి నున్నని గట్టినేల బయటపడింది. దానిమీద, ఎన్నో ఏండ్ల రాపిడికి అరిగిన రెండు మడమల గుంతలు ఉన్నాయి. అవి పెద్ద మడమలు.

యాదవ్వ గడ్డపార పక్కన పెట్టి ఆ గుంతలను కొంగుతో తుడిచింది.

"ఇవి మీ తాతయి బిడ్డా. తలుపుల వంగి వచ్చేటోడట, అంత పొడుగు. మీ బాపు పొట్టోడాయె, తన కాళ్ళకు అందేటట్టు మన్ను పోసుకున్నడు. నాకు గూడ చెప్పలే. నేను కాపురానికి రాకముందే పోసుకున్నట్టున్నడు."

సిద్దిరాములు గుంట అంచున కూర్చుని కాళ్ళు దించాడు. మడమలు ఆ గుంతలలో కుదురుకున్నాయి. మోకాళ్ళు దూలం కిందికి దిగాయి, నడుము నిటారైంది. అతడు తలవంచి ఏడ్చాడు.

మరునాడు తొక్కుడు తాళ్ళు జానెడు పొడుగు చేశారు. నేత వెంటనే సాగలేదు. మూడునెలల బిగువు ఒక్కనాట వదిలేది కాదు. బుచ్చవ్వ పొద్దున ఒకమారు, నేత ముగిసినాక ఒకమారు వచ్చి పట్టేది. గంటకొకసారి లేచి చేతులు చాచమన్నది. "మోచెయ్యి చెవికి తగిలిన్నాడు నాకు సెలవు" అనేది. మొదట వేలి వెడల్పున, పిమ్మట బెత్తెడు చొప్పున చేయి పైకి జరుగుతూ వచ్చింది. పంచమికి అయిదునాళ్ళ ముందు చీర పూర్తయి మగ్గంనుంచి కోతకు వచ్చింది.

ప్రయాణంనాడు యాదవ్వ, "నువ్వు గూడ రా బుచ్చక్కా, బాసరకు" అన్నది.

"నేనొస్తె లింగవ్వ కాన్పు ఎవలు చేస్తరు? నెలలు నిండినయి."

"అమ్మవారి ముందట నీ పేరు చెప్త పెద్దవ్వా" అన్నాడు సిద్దిరాములు.

"పేరెందుకు? చీరను రెండు చేతుల పట్టి పైకెత్తు. గంతే సాలు."

చీర మడిచిన మూటను అతడు తలమీదికి ఎత్తుకున్నాడు. బుచ్చవ్వ చూపు మూటమీద లేదు. కుడి మోచేయి చెవిని తాకడం చూచి, ఆముదపు గిన్నె చంకన పెట్టుకుని లింగవ్వ ఇంటివైపు నడిచింది.