తలుపు తీసి పెట్టిన ముద్ద

నా చిన్నప్పుడు మా ఇంట్లో పసిపిల్లలకు తలుపు మూసి అన్నం పెట్టేవారు. దిష్టి భయం. శ్రీకూర్మం దగ్గర మా ఊళ్లో ఆ భయం లేని ఇల్లు లేదు గానీ, మా మామ్మకు, అంటే మా నాన్నను కన్నతల్లికి, అది మరీ ఎక్కువ. ఆవిడ తొలిచూలు కొడుకు అన్నం తినడం మొదలుపెట్టిన వయసులోనే పోయాడట. వీధి అరుగు మీద కూర్చోబెట్టి తినిపిస్తుంటే ఎవరో చూసి భలే తింటున్నాడే అన్నారట. ఆ చూపే వాణ్ణి తీసుకుపోయిందని ఆవిడ నమ్మకం. దాన్ని కొట్టిపారేసే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు, నాకు ఇప్పటికీ లేదు. కడుపుకోత పడ్డ మనిషితో వాదనేమిటి!

ఆ ఏడు మా తమ్ముడికి అన్నప్రాశన అయిన కొన్నాళ్లకే అమ్మకు విషజ్వరం వచ్చి పాలు ఎండిపోయాయి. పగలంతా ఆవుపాలతో సరిపెట్టేవారు. పొలం పనులు ముగిసి ఇంట్లోవాళ్లు ఊపిరి తీసుకునేది సాయంత్రమే గనుక, అన్నంలాంటిది ఏదైనా పెట్టాలంటే అప్పుడే. దీపాలు పెట్టే వేళకు మామ్మ వాణ్ణి వెనక గదిలోకి తీసుకుపోయి, తలుపు మూసి, కాళ్లు చాపి వాటిమీద పడుకోబెట్టుకుని ఉగ్గు పోసేది. బియ్యం, పెసరపప్పు వేయించి విసిరిన పిండితో కాచిన ఉగ్గు అది. ఆ కమ్మటి వాసనకు నాకే నోరూరేది. వాడు మాత్రం పెదవులు బిగించేసేవాడు. అమ్మ వాడి చేతులు పట్టుకుంటే, మామ్మ బుగ్గలు నొక్కి పోసేది. సగం నోట్లోకి, సగం మెడమీదికి. వాడి ఏడుపు వింటూ వంటింట్లో నేనూ మా అన్నయ్యా కంచాల్లో అన్నం కెలుకుతూ కూర్చునేవాళ్లం.

పిల్లవాడు చిక్కిపోయాడు. మొలతాడు జారిపోతోందని మామ్మ దాన్ని బిగించి మళ్లీ ముడి వేసింది. ఆ ముడి చూసి అమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది. వచ్చిపోయే అమ్మలక్కలు తల్లికి పెట్టడం చేతకాలేదనే మాట ఆవిడకు వినపడేలాగే అనేవారు. నాలుగు రోజుల్లో అమ్మ కూడా అదే నిజమనుకుంది. పాపిష్టి నోళ్లు, ఏం పోయింది వాళ్ల సొమ్ము!

అలాంటప్పుడు మా పెద్దత్త భోగాపురం వైపు నుంచి వచ్చింది. నాన్నకు అక్క, మామ్మకు పెద్ద కూతురు. ఆవిడ వచ్చిందని వీధి మొగలోనే తెలిసిపోయేది, అంత పెద్ద గొంతు. పిల్లవాడికి ఏమేం పెట్టి చూశారో మామ్మ పూసగుచ్చినట్టు చెప్పింది. పెద్దత్త అంతా విని, పిల్లవాణ్ణి కాకుండా అమ్మను ఎగాదిగా చూసింది.

"అది సరేగానీ, నువ్వెప్పుడు తింతన్నావే పిల్లా?"

అమ్మ తల వంచుకుంది. కోడలు అందరి తర్వాత, పిల్లలు నిద్రపోయాక, వంటింటి మూల కూర్చుని తినడం మా ఇంటి పద్ధతి. జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ ఆవిడకు ముద్ద దిగడం లేదు. ఎవరూ చూడరు గనుక ఎవరికీ తెలియలేదు.

పెద్దత్త మామ్మవైపు తిరిగింది. "అమ్మా, ఈ గుంటడు మనిసి తినడం ఎప్పుడైనా సూసినాడా? తలుపేసి గొంతులో పోస్తే, అది మందో అన్నమో ఆడికేటి తెలుస్తాది?"

"ఒకడు పోయినాడు, సాల్దేటే నీకు?" అంది మామ్మ.

అంత నోరున్న పెద్దత్త లేచి వెళ్లి వాళ్లమ్మ పక్కన చతికిలబడి, చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని నిమిరింది. మెల్లగా అంది: "ఆడికేటీ పెట్టొద్దే. ఊరికే మన మద్దిన కూకోబెడదాం. తినని పిల్లడికి దిష్టేటి?" మామ్మ ఒప్పుకుంది. అయినా ఉప్పుతో దిగదుడిచి, వాడి బుగ్గన ఇంత లావు కాటుక బొట్టు పెట్టి, వీధి తలుపు గడియ వేయించింది. పెద్దత్త ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు.

సాయంత్రం వెలుతురు ఉండగానే వంట అయింది. మెత్తగా ఉడికిన అన్నం, గుమ్మడికాయ వేసిన పెసరపప్పు. పెరటి వసారాలో అందరం గుండ్రంగా కూర్చున్నాం. తమ్ముడు పెద్దత్త ఒళ్లో, ఎదురుగా అమ్మ. అత్తగారి ముందు కంచం పెట్టుకోనని అమ్మ ఎంత మొరాయించినా, పెద్దత్త భుజాలు పట్టి కూర్చోబెట్టింది. మాకు మాత్రం గట్టి హుకుం: "ఆణ్ణి సూడకండర్రా, మీ కంచాలు మీరు సూసుకోండి." చూడకుండా ఉంటామా! ఓరకంటితో చూస్తూనే ఉన్నాం.

అమ్మ బితుకుబితుకుమంటూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. తమ్ముడు ఆ చెయ్యి చూశాడు, నోరు చూశాడు. ఆవిడ నములుతుంటే వాడి పెదవులూ కదిలాయి. మరో ముద్ద ఎత్తేసరికి ముందుకు వంగి, రెండు చేతులా అమ్మ మణికట్టు పట్టుకుని తన నోటివైపు లాక్కున్నాడు. అమ్మ బిగుసుకుపోయింది. పెట్టనా అన్నట్టు మామ్మ మొహంలోకి చూసింది.

"పెట్టవే తల్లీ, ఆడే అడుగుతన్నాడు," అంది మామ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

అమ్మ మెత్తగా మెదిపి వాడికింత పెట్టి, తానింత తిన్నది. మళ్లీ అన్నం వేయించుకుంది. ఆవిడ మారు అడగడం నేను చూడటం అదే మొదటిసారి. మర్నాడు వాడు పెట్టిందంతా ఉమ్మేశాడు, పసిపిల్లలు మన మాట వింటారా ఏమిటి! కానీ అమ్మ కంచం వసారాలోంచి మళ్లీ మూలకి పోలేదు, వెనక గది తలుపూ మూయలేదు. నెల తిరిగేలోపు వాడి మొలతాడు మామ్మే వదులు చేసింది.

ఈమధ్య శ్రీకాకుళంలో ఉండే మా మనవరాలు ఫోను చేసింది. వాళ్ల పాపకు సాయంత్రం పూట ఏం పెట్టినా తినడం లేదు, కొత్త రకాలేవైనా చెప్పమంది. చెప్పాను. పెసరపప్పు అన్నం మెదిపి చుక్క నెయ్యి వెయ్యమన్నాను. గుమ్మడికాయ, చిలగడదుంప ఆవిరిమీద ఉడికించి మెదపమన్నాను. మనవైపు చోళ్లు అనే రాగులతో పలచగా జావ కాచమన్నాను. డాక్టరు చెప్పినట్టే ఉప్పు, పంచదార వద్దన్నాను. అన్నీ అయ్యాక, నాకు తెలిసిన అసలు మాట ఒక్కటే ఉంది, అది అడిగాను.

"నువ్వెప్పుడు తింతన్నావే?"

"ఎవరూ అడగలేదు అమ్మమ్మా," అని ఏడ్చేసింది.

కంచం తెచ్చుకుని పాప ఎదురుగా కూకోమన్నాను. నేను ఫోను పెట్టేయలేదు. మనవరాలు తినడం అయ్యేదాకా అలాగే చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను.