డాక్టర్ లేడని చెప్పాను

నేలకొండపల్లిలో ఒక ఆర్‌ఎంపీ గదిలో మా ఆసుపత్రి క్యాలెండరు తగిలిస్తుంటే ఫోన్ మోగింది. అప్పట్లో నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పీఆర్వోని. కార్డు మీద రాసింది అది. చేసే పని మాత్రం ఊరూరా తిరిగి ఆర్‌ఎంపీలను మంచి చేసుకుని, వాళ్ల దగ్గరికొచ్చే రోగులను మా బండి ఎక్కించడం. పల్లెల్లో నన్ను 'కేసులాయన' అనేవాళ్లు. పోలీసోడి పేరులా ఉందని మా ఆవిడ నవ్వేది.

ఫోన్‌లో చర్ల అవతలి అడవి పల్లె పెద్దమ్మ.

"బిడ్డా, నా కూతురికి నొప్పులొస్తున్నయ్. భద్రాచలంల సర్కార్ దవాఖానా గేటు కాడ ఆటోల కూసోబెట్టిన. నీ బండి ఎప్పుడొస్తది?"

"లోపలికి తీస్కపోలేదా?"

"నర్సమ్మలు రమ్మంటున్నరు. నేనే పంపుతలేను. ఈడ డాక్టర్ లేడంటివి గదా."



రెండేళ్ల కిందట ఆమె కోడలిని కాన్పుకు చర్ల నుంచి మా బండిలో తెచ్చింది నేనే. ఇదే గేటు ముందుకు రాగానే "ఈడ ఆగుదామా బిడ్డా" అని అడిగింది. లోపల డాక్టర్ ఉన్నాడని నాకు తెలుసు. ఆ నెల మాత్రం నాకు కేసులు తక్కువ పడ్డాయి. "డాక్టర్ లేడు పెద్దమ్మా. ఉన్నడని చెప్పి లోపలికి గుంజుతరు, నమ్మకు" అన్నాను. గోదావరి వంతెన దాటాక కోడలు మూలగడం మానేసింది. కొత్తగూడెం నుంచి ఖమ్మం దాకా ఆ పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను. ఎలాగో తల్లీ బిడ్డా దక్కారు. బిల్లుకు వాళ్ల ఎద్దులు అమ్ముడుపోయాయి. అయినా పెద్దమ్మ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. పోడు పంట చేతికొచ్చాక సంచెడు కందులు పంపింది. ఆ పప్పు తిన్నన్నాళ్లూ నేను మంచోణ్ణనే అనుకున్నాను.

ఖమ్మం నుంచి మా బండి వెళ్లేసరికి మూడు గంటలు పడుతుంది.

"ఇప్పుడు డాక్టర్ వచ్చిండు పెద్దమ్మా. జల్దీ లోపలికి తీస్కపో."

"నువ్వు చూసినవా? గీళ్లు గట్లనే అంటరని నువ్వే చెప్పినవ్."

వెనక నుంచి ఆ పిల్ల కేక. పక్కనే ఆర్‌ఎంపీ ఎవరికో సూది వేస్తూ చెవులు ఇటే పెట్టాడు. కేసును నేనే సర్కారు దవాఖానాకు పంపానని ఇతను మా ఆసుపత్రికి ఒక్క మాట చేరవేస్తే నా నౌకరీ ఊడుతుంది. ఇంకో కేక వినబడింది, ఇందాకటి కంటే పెద్దది.

"పెద్దమ్మా, అప్పుడు గూడ డాక్టర్ ఉండె. నేనే అబద్ధం చెప్పిన. నా నౌకరీ కోసం చెప్పిన. నీ కాళ్లు మొక్కుత, పిల్లను లోపలికి తీస్కపో."

నమ్మిందో, ఇదీ అబద్ధమే అనుకుందో తెలియదు. ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు, ఇంకోసారి చేసినా ఎత్తలేదు. ఆర్‌ఎంపీ క్యాలెండరు గోడ మీంచి తీసి నా చేతిలో పెట్టాడు. దాన్ని చుట్టుకుని బయట అరుగు మీద కూర్చున్నాను. ఆ పిల్ల ఇంకా ఆటోలోనే ఉందేమోనని ఒకటే భయం. ఫోన్ వైపు చూడాలన్నా భయమే.

గంట దాటాక తనే చేసింది.

"ఆడపిల్ల. ఇద్దరూ మంచిగున్నరు. డాక్టరమ్మే చేసింది, పైసా తీస్కోలే" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. అది ఆమెకు వినబడే ఉంటుంది. తర్వాత కోపమేమీ లేకుండా, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

"మరి మా ఎద్దులు ఎందుకు పోయినయ్ బిడ్డా?"