ఫోటో మాఫీ

ఆ గదిని నేను మనసులో చాపెల్ అనే పిలుచుకున్నాను. నిజానికి అది దోహా పక్కన వక్రాలో ఒక పాత ముత్యాల వర్తకుడి ఇంట్లోని నమాజు గది. కృష్ణా జిల్లాలో మా ఊరి చర్చి వెనకాల సిస్టర్లు ప్రార్థన చేసుకునే చాపెల్ ఒకటుండేది. పది మంది కూర్చుంటే పదకొండో మనిషి గుమ్మంలో నిలబడాల్సిందే. ఇదీ అంతే గది. కాకపోతే మా చాపెల్ గోడలకి వెల్ల తప్ప ఇంకేం లేదు, ఈ గదికి నేల నుంచి దూలాల దాకా చెక్కడమే. జిప్సం పూత పచ్చిగా ఉండగానే కత్తితో చెక్కిన నక్షత్రాలు, పూలు, తాడు పేనినట్టున్న అంచులు. ఎన్ని వందల ఏళ్ళదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేవారు.

దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో మా ఆఫీసు. పాత కట్టడాలకి డ్రాయింగులు గీసే పని నాది. ఆ ఇంటిని ఆ కుటుంబమే బాగు చేయించుకుంటోంది. ఆదివారం నుంచి పనివాళ్ళు గోడలు తోమి, పగుళ్ళు పూడ్చడం మొదలుపెడతారు. ఒకసారి కొత్త పూత పడిందంటే ఏది పాతదో ఏది కొత్తదో దేవుడికే తెలియాలి. అందుకని ఆలోపే ఒక్కో పలకనీ ఫోటో తీసి పెట్టాలి. ఇంటివాళ్ళు పెట్టిన షరతు ఒకటే: గోడలు తీసుకోండి, మనుషులు పడకూడదు. ఈ దేశంలో అది ఉత్త షరతు కాదు. అడగకుండా ఒక ఆడమనిషి ఫోటో తీస్తే పోలీసుల దాకా పోతుంది. ఇన్నేళ్ళుగా దోహాలో ఉన్నదాన్ని, నాకు తెలియని సంగతేం కాదు.

ఆ రోజు నన్ను తీసుకెళ్ళిన డ్రైవరు కంపెనీకి కొత్త. రాయచోటి దగ్గర పల్లె ఆయనది. వచ్చి నెల కూడా కాలేదు. మొదటిరోజు కారులో నేను ఫోన్లో మా ఆయన్ని దులిపేస్తుంటే అద్దంలోంచి చూసి, "మీరు తెలుగోళ్ళా అక్కా" అని నవ్వాడు. ఆయన నన్ను అక్కా అంటాడు, నేనాయన్ని అన్నయ్యా అంటాను. ఎవరు పెద్దో ఇంతవరకూ తేల్చుకోలేదు. ఊళ్ళో ఆటో తోలేవాడు. లైసెన్సు పరీక్షలో తప్పీ తప్పీ చివరికి గట్టెక్కాడు.

"ఆటో అమ్మేసి వచ్చినానక్కా. ఇంగ వెనక్కి పోతే పట్టుకునేదానికి హ్యాండిల్ గూడా లేదు," అన్నాడు ఆ పొద్దున మెసైమీర్ దాటుతుంటే.

నవ్వాను గానీ ఆయన భయం నాకు తెలుసు. ఆయనకి ముందున్న డ్రైవరు ఒక క్లయింటు గేటుకి అడ్డంగా బండి ఆపాడని ఆఫీసుకి ఒక్క ఫోన్ వచ్చింది. ఆ వారంలోనే టికెట్ చేతిలో పెట్టి పంపేశారు. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి నోటీసు కూడా ఇవ్వక్కర్లేదు. ఆ సంగతి ఈయనకి క్యాంపులో చేరిన మొదటి పూటే ఎవరో చెప్పారు. అప్పటినుంచి ఎక్కడ బండి ఆపినా దిగి చుట్టూ తిరిగి చూసుకునేవాడు.

గేటు దగ్గర నేపాలీ గార్డు తాళం తీశాడు. నేను గది గుమ్మంలో చెప్పులు విడిచి, చున్నీ తల మీదికి లాక్కున్నాను. ఎవరూ చెప్పలేదు. ప్రార్థన చేసే చోటు కనబడితే ముసుగు వేసుకోవడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అది ఎవరి ప్రార్థన అన్నది చెయ్యి ఆలోచించదు. డ్రైవరన్నయ్య ట్రైపాడ్, దీపాలు లోపల పెట్టి కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

గదిలో సగం దాకా ఇనప గొట్టాల పరంజా కట్టి ఉంది, దానికి ఆకుపచ్చ వల. ఆ వల వెనక నిలబడి, దాని సందులోంచి కెమెరా పెట్టుకుంటే తప్ప ఉత్తరపు గోడ మొత్తం ఫ్రేములోకి రాదు. దీపాలతో కొన్ని తీశాను గానీ ఒక్కటీ నచ్చలేదు. ఎదురుగా వెలుగు పడితే ఎంత గొప్ప చెక్కడమైనా అచ్చేసిన కాగితంలాగే కనిపిస్తుంది. తూర్పు కిటికీలోంచి ఎండ గోడని రాసుకుంటూ పోవాలి, అప్పుడే ప్రతి పువ్వుకీ నీడ లేస్తుంది. ఆ ఎండ ఇంకాసేపట్లో వస్తుందని కూర్చున్నాను. మళ్ళీ అంత తీరుబడి దొరకదు. మర్నాడు ఆఫీసులో వేరే పని, ఆ తర్వాత పనివాళ్ళు దిగుతారు.

ఎండ సరిగ్గా గోడ అంచుని తాకే వేళకి డ్రైవరన్నయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"అక్కా, ఇంటి పెద్దమ్మ వచ్చాందంట. గార్డు చెప్పినాడు."

"అయ్యో, అయితే ఆపెయ్యాలా?"

"వద్దక్కా. ఫోటోలకేం ఇబ్బంది లేదంట. గట్టిగా రెండుసార్లు అడిగినా, అదే చెప్పినాడు."

నాకు అనుమానం రాకపోలేదు. గార్డు హిందీలో చెప్పాడా అని అడిగాను, అవునన్నాడు. హిందీ ఈయనకి బాగానే వచ్చు. ఇంటివాళ్ళే ఒప్పుకుంటే మధ్యలో నాకేం నొప్పి? ఆయన బయటికి వెళ్ళాడు, నేను కెమెరా వైపు తిరిగాను. ఒకసారి నొక్కితే కొన్ని క్షణాలు ఆగి, వెలుగు మార్చుకుంటూ తనంతట తానే వరసగా తీసుకుపోయేలా పెట్టాను. ఎండ గోడ మీదికి పాకింది. అబ్బ, ఏం గోడ అది! నక్షత్రాలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. బటన్ నొక్కాను.

మొదటి క్లిక్ పడకముందే ఆవిడ వచ్చింది. నల్లటి అబాయా, నడుం కొంచెం వంగింది. పాత తరం ఆడవాళ్ళు ముఖానికి కట్టుకునే బత్తూలా ఉంది. వల వెనక నేనున్నానని చూడలేదు. తిన్నగా గోడ దగ్గరికి నడిచి, బత్తూలా నుదుటి మీదికి ఎత్తేసి, ఒక చెక్కిన పువ్వు మీద చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. కెమెరా తన పని తాను చేసుకుపోతోంది. క్లిక్. క్లిక్. ఆపాలా వద్దా అని వేలు బటన్ మీదే పెట్టి ఉంచాను. ఇబ్బంది లేదన్నారుగా అని నాకు నేను చెప్పుకుంటూ ఉన్నాను.

మూడో క్లిక్‌కి ఆవిడ కళ్ళు తెరిచింది. గబుక్కున బత్తూలా కిందికి లాక్కుని అరబ్బీలో ఒక కేక వేసింది. పాదాల దాకా తెల్లటి తోబ్ వేసుకున్న మనిషి లోపలికి పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ మనవడు, ముప్పై దాటి ఉంటాయి. వల పక్కకి లాగి, నన్ను చూశాడు, కెమెరాని చూశాడు.

"ఫోటో తీశావా?" అన్నాడు ఇంగ్లీషులో. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది.

"మీ గార్డే పర్లేదన్నాడు," అన్నాను. నా మాట నాకే సిగ్గుగా వినిపించింది.

"గార్డా? గోడలకే అనుమతి అని మీ కంపెనీకి రాసి ఇచ్చాం."

ఆ కేకకి డ్రైవరన్నయ్య కూడా పరుగెత్తుకొచ్చాడు, చెప్పులతోనే. పరిస్థితి చూడగానే ముఖంలో నెత్తురు చుక్క లేదు. రెండు చేతులూ జోడించి మొదలుపెట్టాడు.

"మాఫీ సాబ్, మాఫీ. మాఫీ, మాఫీ."

మనవడు ఆయన వైపు తిరిగాడు. "మాఫీ?" అన్నాడు. కెమెరా చేతిలోకి తీసుకుని, తెర మీద వాళ్ళ నాయనమ్మ ముఖం ఆయన కళ్ళ ముందు పెట్టాడు. "మాఫీ?"

"మాఫీ సాబ్," అన్నాడు డ్రైవరన్నయ్య ఇంకా గట్టిగా, ఏడుపు గొంతుతో.

మనవడు నాతో అన్నాడు: "చూడండి. ఫోటో నా చేతిలో ఉంది. మీ డ్రైవరు లేదంటున్నాడు. నా ముఖం మీదే అబద్ధం. ఇతని కార్డు నెంబరు చెప్పండి, మీ ఆఫీసుకి ఫోన్ చేస్తాను." జేబులోంచి ఫోన్ తీశాడు.

నాకు అప్పుడు వెలిగింది. గేటు దగ్గర ఏం జరిగిందో అక్కడ ఉండి చూసినట్టు తెలిసిపోయింది.

"అన్నయ్యా, గార్డు నీతో ఏమన్నాడు? ఉన్నదున్నట్టు చెప్పు."

"బడీ మేడమ్ ఆయేగా, ఫోటో మాఫీ అనె అక్కా. మాఫీ అంటే పర్లేదు, వదిలేసినాం అనే కదా? మన రుణమాఫీ అంటారే."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది ఎక్కడ దించాలో తెలియదు. "నోర్ముయ్ అన్నయ్యా!" అని అరిచాను. "అది అరబ్బీ మాఫీ! ఈ దేశంలో మాఫీ అంటే లేదు అని! లేదు, వద్దు, కుదరదు! నువ్వు ఇందాకట్నుంచీ ఆయన ముందు నిలబడి ఫోటో లేదు, ఫోటో లేదు అని బొంకుతున్నావు, తెలుసా?"

ఆయన వెనక్కి వెనక్కి నడిచి, గుమ్మం దాటి ఎండలోకి వెళ్ళిపోయాడు. పాపం, అలా అరవాల్సింది కాదు. కానీ అప్పుడు నా చూపంతా ఆ మనవడి చేతిలో ఫోన్ మీదే ఉంది.

"ఒక్క నిమిషం వినండి," అన్నాను. "అతను అబద్ధం చెప్పలేదు. మా భాషలో మాఫీ అంటే క్షమించడం. తప్పు వదిలెయ్యడం. మీ గార్డు మాఫీ అంటే, తీసుకోవచ్చని అనుకున్నాడు. ఇప్పుడు మిమ్మల్ని క్షమించమనే అడిగాడు. వచ్చి నెల కాలేదు. మీరు ఫోన్ చేస్తే రేపే పంపేస్తారు. ఫోటో తీసింది నేను. ఏమన్నా అంటే నన్ను అనండి."

నమ్మలేదు. ఎందుకు నమ్ముతాడు? దొరికిపోయినవాళ్ళు ఇలాంటి కథలు ఎన్ని చెబుతారు! వేలు ఫోన్ మీద కదులుతూనే ఉంది. ముసలావిడ మాత్రం ఏమంటోందని మనవణ్ణి అడిగింది. అతను విసుగ్గా రెండు ముక్కలు చెప్పాడు. ఆవిడ నా వైపు చూసింది. నా తల మీది ముసుగు, ఉత్త కాళ్ళు, మళ్ళీ ముఖం.

"మాఫ్ కరో?" అంది హిందీలో.

నేను ఉలిక్కిపడ్డాను. తల ఊపాను.

ఆవిడ వచ్చీరాని హిందీలో, అరబ్బీ కలుపుతూ మాట్లాడింది. వాళ్ళ నాన్న బొంబాయిలో ముత్యాలు అమ్మేవాడట. ఇంట్లో వంటమనిషి కూడా అక్కడివాడే. గిన్నె పగలగొట్టినప్పుడల్లా మాఫ్ కరో, మాఫ్ కరో అంటూ ఇల్లంతా తిరిగేవాడట. చెబుతూ ఆవిడ నవ్వలేదు. చెయ్యి చాపితే మనవడు కెమెరా ఇచ్చాడు. తెర కళ్ళకి దగ్గరగా పెట్టుకుని తన ముఖాన్ని తాను చాలాసేపు చూసుకుంది. ఎండాకాలం ఈ గోడ చల్లగా ఉండేదనీ, చిన్నప్పుడు అందరూ చెంపలు ఆనించుకునేవాళ్ళనీ చెప్పింది. తర్వాత కెమెరా నా చేతికిచ్చి, చెరిపెయ్యమని సైగ చేసింది.

ముగ్గురం చూస్తుండగా ఒక్కొక్కటే చెరిపేశాను. ఆ వరసలో ఆవిడ లేనిది ఒక్కటి కూడా మిగల్లేదు. ఎండ అప్పటికే గోడ దిగిపోయింది. నా వృత్తిలో అంత మంచి ఫోటో మళ్ళీ తియ్యలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది, లేదని చెబితే అబద్ధమే.

మనవడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "మా నాయనమ్మ వద్దంటోంది. ఫోన్ చెయ్యను," అన్నాడు, ఇష్టం లేకుండానే. ఇద్దరూ బయటికి వెళ్ళారు. నేను పరంజా గొట్టం పట్టుకుని కాసేపు నిలబడి, ప్రభువుకి స్తోత్రం చెప్పుకుని, సామాను సర్దుకున్నాను. డ్రైవరన్నయ్యకి ఈ కబురు చెప్పి, అరిచినందుకు వక్రా బజార్లో ఒక కరక్ టీ తాగించాలనుకున్నాను.

బయటికొచ్చేసరికి వాళ్ళ కారు గేటు దాటుతోంది. మా కారు దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. మెడలో ఉండాల్సిన కంపెనీ కార్డు బానెట్ మీద ఉంది. దాని మీద బండి బీగాలు.

"ఏంటన్నయ్యా ఇది?"

"మిమ్మల్ని దించి ఆఫీసులో ఇచ్చేస్తానక్కా. వాళ్ళు అడిగేదాకా ఎందుకు."

"ఎందుకివ్వడం? ఏమైంది?"

"పెద్దమ్మ చెప్పేసి పాయ కదక్కా." గొంతులో ఏడుపు కూడా లేదు. "కారెక్కబోతా నా ముందర నిలబడి, నా మొగం చూసి చెప్పె. మాఫీ అని. నాకు అర్థం కాలేదేమోనని మళ్ళా చెప్పె. మాఫీ, మాఫీ. ఈడ మాఫీ అంటే లేదని మీరే చెప్తిరి గదా. ఉద్యోగం లేదనే గదా."

ట్రైపాడ్ కింద పెట్టేసి, ఆ కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూడలేదు, నా ముఖంలోకే చూస్తున్నాడు.

"ఏ మాఫీ అక్కా?" అన్నాడు మెల్లగా. "వాళ్ళదా, మనదా?"

"మనదే అన్నయ్యా. మనదే."

కార్డు మెడలో వేసుకోబోయాడు. తాడు తల మీదుగా దిగలేదు. అలాగే చేత్తో పట్టుకుని, కారు నీడన ఇసకలో కూర్చుండిపోయాడు.