పాల్ బిగించిన మూత

గుఢియారీ పేటలో మా పక్క పోర్షను పాల్ అంకుల్‌ది ఉక్కుపట్టు. రైల్వే వ్యాగన్ల రిపేరు షాపులో ముప్పై రెండేళ్ళు ఫిట్టరుగా చేశాడు. "పాల్ బిగించింది పాలే విప్పాలి" అని షాపులో అనేవాళ్ళట. ఆ మాట మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. వ్యాగన్లు బిగించి ఊరుకున్నా బాగుండేది. ఇంటికొచ్చి ఆవకాయ సీసా, కొబ్బరినూనె డబ్బా, స్నానాలగదిలో నల్లా కూడా అలాగే బిగించేవాడు. "మూత వదులైతే చీమ దూరుద్ది" అనేవాడు.

ఆ మూతలు విప్పాల్సింది మాత్రం ఆయన భార్య సుశీల ఆంటీ. వాళ్ళింట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నప్పుడల్లా భోజనాల దగ్గర ఒక వేడుక జరిగేది. అంకుల్ ఆవకాయ సీసా ఆంటీ చేతికిచ్చి "ఏదీ, తియ్యి చూద్దాం" అనేవాడు. ఆవిడ తంటాలు పడేది, మొహం ఎర్రబడేది, మూత కదిలేది కాదు. అప్పుడాయన తీసుకుని ఒక్క తిప్పుతో విప్పి, "మీ ఆంటీ చేతుల్ని దేవుడు మైదాపిండితో చేశాడర్రా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. ఒకసారి కాదు, చాలాసార్లు నవ్వాను.

నేను ఆస్పత్రిలో నర్సుని. 2003లో ఆ ఇంట్లో అద్దెకు దిగిన కొన్నాళ్ళకే, అంకుల్ డ్యూటీకి వెళ్ళాక ఆంటీ కొంగుచాటున సీసా పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"సంధ్యా, జరా ఇది తీసిపెట్టవా? మీ అంకుల్‌కి చెప్పకే."

రబ్బరు గ్లవ్ తొడుక్కుని అరచేత్తో తిప్పితే అర నిమిషం పని. తీసిచ్చాను. అప్పటినుంచి పది రోజులకో సీసా, డబ్బా వచ్చేది. ఆవిడ సీసాని వేళ్ళతో కాకుండా రెండు అరచేతుల మధ్యా ఇరికించి పట్టుకోవడం చూశాను. బొటనవేళ్ళ మొదట్లో ఎముక పొడుచుకు రావడం కూడా చూశాను. వయసుకి వచ్చేవేలే అనుకున్నాను. డ్యూటీ నుంచి అలిసిపోయి వచ్చేదాన్ని, మూత తీసిచ్చి తలుపు వేసుకునేదాన్ని.

అంకుల్ రిటైరై అయిదేళ్ళయింది. 2022 వానల్లో ఒక పొద్దున ఆయనే మా గుమ్మంలో నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, తువ్వాలు తీశాడు. కింద ఆవకాయ సీసా.

"మీ ఆంటీ బజారుకెళ్ళింది. జరా తీసిపెట్టమ్మా. ఎండాకాలంలో నేను బిగించిందే" అన్నాడు నేలకేసి చూస్తూ. "రెండు నెలల్నుంచి చొక్కా గుండీ పెట్టుకోడానిక్కూడా చచ్చే చావవుతోంది. దానికి మాత్రం చెప్పకు. తల తీసేసినట్టుంటది."

కూర్చోబెట్టి చేతులు చూశాను. రెండు బొటనవేళ్ళ కీళ్ళూ వాచి ఉన్నాయి. కీళ్ళ అరుగుదల అయ్యుంటుందన్నాను. ఏ డాక్టరు దగ్గరికి, ఏ రోజు వెళ్ళాలో చెప్పాను. గోరువెచ్చని నీళ్ళలో మెత్తటి స్పాంజి అరచేతిలో పెట్టుకుని మెల్లగా నొక్కి వదలమన్నాను. పట్టు వేళ్ళకీ అరచేతికీ రావాలి, భారం బొటనవేలి మీద పడకూడదు, నొప్పి వచ్చినచోట ఆగిపోవాలి అని చేసి చూపించాను. మా ఇంట్లో ఉన్న కొత్త స్పాంజి కూడా ఇచ్చాను.

ఆయనకి కాస్త ధైర్యం వచ్చింది. నవ్వాడు. "చివరికి మీ ఆంటీ చేతుల్లా అయిపోయాయి నా చేతులు, మైదాపిండి!"

నాకు ఒళ్ళు మండింది.

"అంకుల్, ఈ గుమ్మంలో ఈ సీసా పట్టుకుని నిలబడ్డ మొదటి మనిషి మీరు కాదు. ఆంటీ పంతొమ్మిదేళ్ళుగా వస్తోంది. ఆవిడ బొటనవేళ్ళూ ఇలాగే ఉన్నాయి. ఎప్పుడైనా చూశారా?"

ఆయన చేతులు రెండూ తువ్వాలు కింద పెట్టుకున్నాడు. "అందరి ముందూ తియ్యమనేవాణ్ణి" అన్నాడు. సీసా అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయాడు. తనదాకా వస్తేగాని తెలియదు ఎవరికైనా అనుకున్నాను. పెద్ద న్యాయమేదో చేసినట్టు ఆ రోజంతా హుషారుగా ఉన్నాను.

నాలుగు రోజులకి ఆంటీ వచ్చింది, ఒట్టి చేతులతో.

"ఈసారి సీసా తేలేదేం?" అన్నాను.

"ఎందుకే ఇంక? ఇంట్లో మూతలన్నీ ఊరికే పైన పెట్టి వదిలేస్తున్నాడు. పంచదార నిండా చీమలు!"

ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వుతూనే ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నా చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపే. ముసలాయన అలా ఏడుస్తుంటే నాకే సిగ్గేసింది. పొద్దున్నే నీళ్ళు కాచుకుని స్పాంజి నొక్కుకుంటున్నాడు, పది లెక్కపెట్టుకుంటా."

తర్వాత రెండు చేతులూ తెచ్చి నా ముందు టేబుల్ మీద పెట్టింది. బొటనవేళ్ళు రెండూ లోపలికి వంకర తిరిగిపోయి ఉన్నాయి.

"ఆయన వచ్చిన రోజే డాక్టరు పేరూ, కసరత్తులూ అన్నీ చెప్పావంట కదమ్మా" అంది. గొంతులో కోపమేమీ లేదు. "నాకూ చెప్పవా?"

ఆవిడ చేతులు నా చేతుల్లోకి తీసుకున్నాను. తలెత్తి మొహం చూడలేకపోయాను.