చెక్‌పోస్టులో ఆగిపోయిన కారు

తొంభైల నడుమ నేను ఆత్మకూరు బస్టాండు దగ్గర అద్దె కారు నడిపేవాణ్ణి. కలిగిరిలో ఒకాయన దగ్గర పాత కారు కొని, నెల్లూరు రవాణా ఆఫీసులో నా పేరు మీదికి మార్పించుకున్నాను. ఆ కారులోనే ఒకనాడు తెల్లవారగానే మా నాయనను ఉదయగిరి నుంచి తమిళనాడులోని పెద్దాసుపత్రికి తీసుకుని బయలుదేరాను. మూత్రపిండాలు చెడిపోయి ఆయన ఒళ్లంతా నీరు పట్టింది. ఇక్కడి డాక్టరు చేతులెత్తేశాడు. వెనక సీట్లో నా భార్య ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

సరిహద్దు దాటగానే అవతలి చెక్‌పోస్టులో కారు ఆపారు. అక్కడి ఉద్యోగి నంబరు చూసి, లోపలికి పోయి ఏదో సరిచూసుకుని వచ్చాడు.

"ఈ బండి మా వంతెన మీద టోలు కట్టకుండా చాలాసార్లు పోయింది. మీ నెల్లూరు ఆఫీసుకు రాసి ఓనరు వివరాలు తెప్పించాం. కేసుంది."

"అది పాత ఓనరు పని సార్. నేను కొనింది మొన్న. ఇదో, ఆర్‌సీ బుక్కులో నా పేరే ఉండాది."

"మాకొచ్చిన వివరాల్లో వేరే పేరుంది."

టోలు ఎగ్గొట్టిన సంగతి రాష్ట్రం దాటి పోయింది. కారు చేతులు మారిన సంగతి మాత్రం దాటలేదు. ఎంతైనా నేనే కడతానన్నాను. ఇక్కడ కట్టించుకోం, పెద్దాఫీసరు రావాలి, అంతదాకా బండీ నువ్వూ ఇక్కడే ఉండాలన్నాడు. కాళ్లు పట్టుకున్నాను. వెనక్కి జరిగాడు.

నా భార్య కారు దిగి గట్టిగా అరిచింది. "మనిషి పోతన్నాడయ్యా! కారు పెట్టుకోండి, మమ్మల్ని పంపీండి!"

అతను వంగి నాయన ముఖం చూశాడు. చూసి కూడా గదిలోకి పోయి కూర్చున్నాడు.

నేను రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాను. ఒక బస్సు ఆగింది గానీ, కండక్టరు నాయనను చూసి విజిలేశాడు. చివరికి ఒక వ్యాను ఆగింది. అనుమసముద్రంపేట దర్గాకు వచ్చి తిరిగి పోతున్న తమిళనాడు ముస్లిం కుటుంబం వాళ్లది. అందులోని పెద్దావిడ వచ్చీరాని తెలుగులో, "మేము ఆ దారే. ఎక్కించు బాబూ" అంది. పిల్లల్ని ఒళ్లోకి లాక్కుని, కింద చాప పరిచి ఆయనను పడుకోబెట్టారు. నేనూ ఎక్కబోతుంటే చెక్‌పోస్టు కాపలా కానిస్టేబులు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

నాయన నా చొక్కా వదల్లేదు. "నువ్వు రావా అబ్బయ్యా?"

"నీ వెనకే వస్తా నాయనా, కారు ఇయ్యంగానే."

ఆ వేళ్లను నా చేత్తోనే విడదీయాల్సి వచ్చింది.

ఆఫీసరు మర్నాటికి గాని రాలేదు. అప్పటిదాకా ఆ కారు చుట్టూ పిచ్చివాడిలా తిరిగాను. ఆయన ఆర్‌సీ బుక్కు తిప్పి చూసి, "సరే, నువ్వు కాదు. పో" అన్నాడు. అంతే.

ఆసుపత్రి వరండాలో నా భార్య గోడకు ఆనుకుని కూర్చునుంది. పక్కన ఆ పెద్దావిడ. తనవాళ్లను ఊరికి పంపేసి, భాష తెలియని ఆడమనిషి ఒంటరిగా ఉందని ఆగిపోయింది. నన్ను చూసి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

నాయనను ఉదయగిరి సమాధుల తోటలో పెట్టి వచ్చాక నా భార్య చెప్పింది. వ్యానులో ఆయన దారంతా ఒకటే అడిగాడట, "వాడు వస్తన్నాడా?" అని.

"'వస్తన్నాడు మామా, కారు కనపడతా ఉండాది' అని చెప్పినాను" అంది. పెద్దావిడ కూడా వెనక అద్దంలోంచి ఖాళీ రోడ్డును చూస్తూ, "ఆ, అదో, అదో" అన్నదట.