అక్కయ్య బరువు, బావగారి కారు

నేను తాడేపల్లిగూడెం కోడలినై వచ్చిన కొత్తలోనే మా బావగారు, అంటే మావారి అన్నగారు, మద్రాసు నుంచి ఒక పందెం కారు తెచ్చారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు. పాత యజమాని పందేల కోసం చక్రాల మీది కమాను కట్టల్లో, అంటే స్ప్రింగుల్లో, కొన్ని పట్టీలు తీయించి, బండిని నేలకు బాగా దించేశాడట. అందులోంచి దిగాలంటే పీట మీద నుంచి లేచినట్టు లేవాలి. రైసు మిల్లు, పిల్లలు, మంచం పట్టిన తల్లి ఉన్న మనిషికి ఇద్దరు పట్టే కారు దేనికని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో ఆయన్ని ఎవరూ ఏదీ అడిగేవారు కారు.

కొన్న వారంలోనే రైలు గేటు దగ్గర కారు పొట్ట పట్టాలకు తగిలింది. బుద్ధి ఉన్నవాడెవడైనా తీయించిన పట్టీలు మళ్ళీ వేయించి బండిని లేపుకుంటాడు. బావగారు ఒప్పుకోలేదు.

"ఎత్తు పెరిగితే ఇంక దానికీ టాక్సీకీ తేడా ఏముందిరా?" అన్నారు మావారితో.

పైన ఎత్తు పెరగకూడదు, కింద రాయి తగలకూడదు. ఇందుకు ఆయనకు తోచిన ఉపాయం పెద్ద చక్రాలు. ఏలూరులో కార్లు బాగుచేసే షెడ్డువాడు ఒకడు ఉండేవాడు. బావగారు ఏమన్నా "తమరు చెప్పింది నిజవేనండీ" అనడం తప్ప ఆ మనిషికి వేరే విద్య లేదు. వాడి చేత లావుపాటి టైర్లున్న పెద్ద చక్రాలు వేయించుకుని, దండ వేయించుకున్నవాడిలా ఇంటికొచ్చారు. పొట్ట తగలడం తగ్గిన మాట నిజమే. కానీ టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య రెండు వేళ్ళ సందు కూడా మిగల్లేదు. గుంతలో పడితే బర్రుమని రాపిడి, మలుపు తిప్పితే మళ్ళీ రాపిడి. కారు వీధిలోకి రాకముందే కాలిన రబ్బరు కంపు వంటింట్లోకి వచ్చేది.

కారణం ఏమిటో బావగారే కనిపెట్టారు. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర, బంధువులందరి ఎదటా ప్రకటించారు.

"ఆవిడ కూర్చుంటేనే రాసుకుంటోందయ్యా. బరువు!"

ఆవిడంటే ఆయన భార్య, మా తోడికోడలు. నేను అక్కయ్య అని పిలిచేదాన్ని. కాస్త ఒళ్ళున్న మనిషి. అందరూ నవ్వారు. ఆవిడ చారు వడ్డిస్తూ ఉంది, వడ్డిస్తూనే ఉంది. అప్పటి నుంచి ఆ మాట మిల్లులో, పేకాటలో, పెళ్ళిళ్ళలో తిరిగింది. అక్కడితో ఆగినా బాగుండేది. కారులో ఎక్కించుకున్నప్పుడల్లా "గుంతొస్తోంది, కాస్త పైకి లే" అనేవారట. ఆవిడ ముందు అద్దం చట్రం పట్టుకుని లేచేది, గుంత దాటాక కూర్చునేది. నడివీధిలో ఒక ఇల్లాలు అలా లేస్తూ కూర్చుంటూ పోతుంటే జనం నిలబడి చూసేవారు. చదువుకున్న మగవాడు భార్యకు చేసిన మర్యాద అది.

ఆ వేసవిలో కొల్లేటి అంచున ఉన్న ఒక ఊళ్ళో పెళ్ళికి బయల్దేరాం. కారులో సామాను పెట్టడానికి చోటు లేదు కనక వెనక మిల్లు లారీ వచ్చింది. లారీలో నేనూ మావారూ, కావిడి పెట్టెలూ. దెందులూరు దాటి కాలవ గట్టు మీది కంకర రోడ్డులోకి తిరిగామో లేదో ముందు కారు ఆగింది. అక్కయ్య పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని దిగి మా వైపు నడిచి వస్తోంది.

"ఏమైంది అక్కయ్యా?" అన్నాను చెయ్యిచ్చి లాగుతూ.

"లారీలో రమ్మన్నారమ్మా. నేనుంటే బండి నడవదట."

ముఖం ఎండకు ఎర్రబడిందో, మరి దేనికో. నేను పక్కకు జరిగి చోటిచ్చాను.

ఆవిడ దిగాక కూడా కారు బర్రుమంటూనే పోయింది. కొంత దూరం పోయాక ఢామ్మని శబ్దం. మేం చేరేసరికి ముందు ఎడమ టైరు పగిలి వేలాడుతోంది, బావగారు నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని కోపంగా చూస్తున్నారు. అక్కయ్య లారీ దిగింది. కారు చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరిగింది.

"ఏవండీ, నేను కూర్చునేది ఎడమ వైపు కదండీ?"

"అయితే?"

"మరి ఈ కుడి టైరు కూడా ఇలా గీరుకుపోయిందేవిటండీ? ఇటు మీరేగా కూర్చునేది?"

"నీకేం తెలుసు? రోడ్డు వాలుగా ఉంది."

"అలాగాండీ. అయితే ఈసారి రోడ్డునే దిగి నడవమనండి."

లారీ డ్రైవరు కాలవ వైపు తిరిగి దగ్గాడు. మావారు నేల చూశారు. అక్కయ్య వచ్చి లారీ ఎక్కి, "పోనివ్వు బాబూ, ముహూర్తం దాటిపోతుంది" అంది. మేం వెళ్ళిపోయాం.

బావగారు వెనక బిగించి ఉన్న అదనపు చక్రం వేసుకుని వచ్చారు. అది పాత చిన్న చక్రం. మూడు పెద్దవి, ఒకటి చిన్నది. కారు ఒక భుజం వాల్చుకుని పెళ్ళి పందిరి ముందుకు వచ్చి ఆగింది. చేపల దోనెల్లోంచి దిగుతున్నవాళ్ళు కూడా నవ్వారు. అక్కయ్య నవ్వలేదు. లోపల పెళ్ళికూతురికి జడ వేస్తోంది.

ఆ తరవాత షెడ్డువాడు మడ్‌గార్డుల అంచులు సుత్తితో లోపలికి మడిచాడు. గుంతల్లో రాపిడి తగ్గింది, మలుపుల్లో పోలేదు. చక్రం పూర్తిగా తిరగకుండా స్టీరింగు దగ్గర ఒక బోల్టు బిగించాడు. రాపిడి పోయింది, దాంతోపాటు మలుపూ పోయింది. మా వీధిలో తిరగడానికి కారుకు చోటు చాలక, బావగారు సంత మైదానం దాకా పోయి తిరిగి వచ్చేవారు. ఆఖరికి గతిలేక కమాను కట్టల్లో కొత్త పట్టీలు వేయించి బండిని లేపించారు, బోల్టు తీయించారు. కారు అన్ని కార్లంత ఎత్తయింది, ఏ చప్పుడూ లేకుండా తిరిగింది. ఇదంతా మొదటి నుంచీ తన ఆలోచనేనని బావగారు మిల్లులో చెప్పుకున్నారు. విన్నవాళ్ళు తలూపారు. తలూపేవాళ్ళకు మా ఊళ్ళో ఎప్పుడూ కరువు లేదు.

ఒకరోజు కారు గుమ్మం ముందు ఆపి, "రా, ఏలూరు వెళ్ళొద్దాం. ఇప్పుడేం రాసుకోదులే" అన్నారు అక్కయ్యతో.

"మీరు వెళ్ళి రండి. నాకు పనుంది," అందావిడ.

నిజానికి ఆ రోజు ఆవిడకు పనేమీ లేదు. ఆ కారులో మళ్ళీ ఎన్నడూ కూర్చోలేదు. పక్క సీట్లో మిల్లు గుమాస్తా కూర్చునేవాడు. అతను ఆవిడకంటే లావు. "నీ వల్ల కాదు, పొరపాటు నాదే" అని బావగారు అంటారేమోనని, ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను చెవి ఒగ్గి ఉన్నాను. అక్కయ్య మాత్రం ఎదురుచూడలేదు. ఏలూరులో బట్టలు కొనాలంటే నన్ను వెంటబెట్టుకుని ప్యాసింజరు రైలులో వెళ్ళేది, కిటికీ పక్కన హాయిగా జారగిలబడి కూర్చుని, భీమడోలు దాటేదాకా వేరుశనక్కాయలు ఒలుచుకు తినేది.