రెండు బిందెల ఈడు

నా చిన్నప్పుడు కోసిగి పక్కన మా ఊళ్లో ఎండ ఎంతటిదంటే, కాకులు ఎగరడం మానేసి గోడల నీడన నడిచిపోయేవి. అలాంటి ఊళ్లో ఆడపిల్ల వయసు ఎవరికీ సరిగ్గా తెలియదు. బడి రిజిస్టరులో ఉన్నది అయ్యవారు పిల్ల ఎత్తు చూసి వేసిన అంకె. పెద్దవాళ్ల లెక్క వేరు. చంకన ఒక బిందె మోస్తే ఇంకా పిల్ల. తలమీద ఒకటి, చంకన ఒకటి పెట్టుకుని బావి నుంచి తొణకకుండా నడిచొస్తే పెళ్లీడు వచ్చినట్టే. కాబట్టి మా వైపు పెళ్లిచూపులంటే పిల్ల నీళ్లు తేవడమే.

పక్కింటి అక్కకు పదమూడేళ్లు, నాకు తొమ్మిది. ఏడో తరగతి పరీక్ష రాసి కోసిగి హైస్కూల్లో చేరాలని ఆమె కోరిక. అంతలో ఒక సంబంధం వచ్చింది. సుగ్గికి, అంటే కోతల కాలం వలసకు, బయలుదేరేలోగా వాళ్లకు కోడలు కావాలి. అక్క మా అవ్వ దగ్గర ఏడ్చింది. తన పెళ్లినాటికి పాలపళ్లన్నీ ఊడనేలేదని చెప్పుకునే మా అవ్వ ఒక ఉపాయం చెప్పిందట. అది నాకు తర్వాత తెలిసింది. నా నోటి సంగతి ఊరంతటికీ తెలుసు కనక ముందుగా ఎవరూ చెప్పలేదు.

చూడ్డానికి వచ్చింది ఎనిమిదిమందే గాని నా కంటికి ఎనభైమంది. అక్క రెండు బిందెలతో వాకిట్లోకి వచ్చి తూలింది. తలమీది బిందె దొర్లిపోయింది. ఆ నీళ్లకు పెళ్లివారి చెప్పులు పడవల్లా తేలాయి. మా అవ్వ వెంటనే అందుకుంది.

"సూస్తిరి కదమ్మా, ఇంగా పసిపిల్ల. రెండేండ్లు పోనీండి."

పెళ్లికొడుకు తల్లి కొంగు పిండుకుంటూ లేవబోయింది. మా అక్క పరువు పోతుంటే నాకు రోషం వచ్చింది.

"అబద్ధం! మా అక్క దినామూ రెండు బిందెలు తెస్తాది. వాటి మింద నన్ను గూడా ఎక్కించుకోని తెస్తాది!"

అందరూ గొల్లున నవ్వారు. "అట్లనా పాపా! ఇంగేమేం చేస్తాదో చెప్పు" అంటూ ఆమె మళ్లీ కూర్చుంది.

అక్క నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. అర్థం కాలేదని నన్ను నేను నమ్మించుకోవడం యాభై ఏళ్లు దాటినా నాకు చేతకాలేదు. కానీ అంతమంది నా మాటకు నవ్వడం అదే మొదటిసారి. నూరు రొట్టెలు తడుతుందన్నాను. ఎద్దునైనా లొంగదీస్తుందన్నాను. ఒక్కో మాటకు ఒక్కో నవ్వు. నా నోరు ఆగేసరికి తాంబూలాలు మార్చుకుంటున్నారు.

ఆ సాయంత్రం అక్క నాయన బిందె పడేసినందుకు కూతురి మీద చెయ్యెత్తితే మా అవ్వ అడ్డం నిలబడింది. "పడేయమన్నది నేనప్పా, అనేదేందో నన్నను" అని తిట్లన్నీ తనే తిన్నది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

పరీక్షకు ముందే పెళ్లయింది. అత్తారింటికి పోయేరోజు నేను తలుపు వెనక దాక్కుని ఏడుస్తుంటే అక్క వెతుక్కుంటూ వచ్చింది. ఆమె వేసుకున్న పూలదండ మోకాళ్లకు తగులుతోంది.

"ఏడవద్దులేమే. చిన్నపిల్లవి, నీకేం తెలుసు" అంది.

చిన్నపిల్లవని నన్ను క్షమించిన మనిషికి పదమూడేళ్లు. ఇప్పటికీ నా మాటకు నలుగురూ పగలబడి నవ్వుతుంటే, ఆ నవ్వుల మధ్య నాకు ఆ మాటే వినిపిస్తుంది.